వింటినారి జేబులో పడిన కథ

చొక్కాకు కుట్టించుకునే జేబుకూ, పదవ తరగతి పిల్లలను ఏడిపించే సైనుకూ, గాండీవానికి కట్టిన అల్లెత్రాటికీ ఉన్న చుట్టరికం ఏమిటి? మూడు దశాబ్దాలకు పైగా సంధులూ సమాసాలూ చెప్పి బతికినవాణ్ణి కనుక, ఈ ప్రశ్న నా కంటికి గణితంగా కాక ఒక మాట పుట్టుపూర్వోత్తరాల సంగతిగానే కనబడింది. తెలుగు పండితుడికి త్రికోణమితితో ఏమి పని అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. మా పాఠశాలలో లెక్కల మాస్టార్లు కూడా, తెలుగు పీరియడు తమకు అప్పు ఇమ్మని అడిగేటప్పుడు అట్లాగే నవ్వేవారు.

నన్ను ఇందులోకి లాగినది మా వెనక వాటాలో ఉండే ఒక అమ్మాయి. పదవ తరగతి. పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పించుకోవడానికి వస్తూ ఉండేది. ఒక సాయంత్రం తెలుగు వాచకానికి బదులు లెక్కల నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, మాట్లాడకుండా కూర్చున్నది. ఇంటికి ఇచ్చిన లెక్కలు అయిదు. అయిదింటి మీదా ఎర్రసిరా అడ్డగీతలే. ఒక లెక్కలో సైన్ 30 అంటే సగం కాబట్టి సైన్ 60 దానికి రెట్టింపు, అనగా ఒకటి అని వేసింది. ఇంకొక చోట పైనా కిందా ఉన్న సైన్ అనే మాటనే, అదేదో అంకె అయినట్టు, కొట్టివేసింది. బడిలో అడిగితే "ఆ పట్టిక బట్టీ పట్టు, పరీక్షకు అదే చాలు" అన్నారట. "నాకు బుర్ర లేదు తాతగారూ, ఇంటరులో లెక్కలు లేని గ్రూపు తీసుకుంటాను" అన్నది. ఆ మాటలో కోపం లేదు. నిశ్చయించుకున్నవాళ్ళ నెమ్మది ఉన్నది. నాకు నచ్చనిది అదే.

"అసలు సైన్ అంటే ఏమిటమ్మా?" అని అడిగాను.

"ఎదుటి భుజం బై కర్ణం."

"అది ఎట్లా కట్టాలో చెప్పావు. ఏమిటో చెప్పలేదు."

"పుస్తకంలో అంతే ఉంది."

ఉన్నమాటే. పుస్తకంలో అంతే ఉన్నది. ఆ పుస్తకం అబద్ధం చెప్పలేదు గాని, వెయ్యేళ్ళకు పైబడిన కథలో చివరి పుటను మొదటి పుటగా అచ్చువేసింది. మిగిలిన పుటలను నాకు తెలిసినంతలో ఇక్కడ పేరుస్తాను.

ఈ శాస్త్రం పుట్టింది త్రిభుజంలో కాదు, వృత్తంలో. ఇంకా చెప్పాలంటే ఆకాశంలో. గ్రహం ఫలానా రోజున ఎక్కడ ఉంటుందో లెక్కకట్టాలంటే, వృత్తం మీద అది నడిచిన వంపు తెలిసినప్పుడు ఆ వంపు రెండు కొసలనూ కలిపే తిన్నని గీత పొడవు తెలియాలి. గ్రీకు జ్యోతిర్వేత్త హిప్పార్కసు క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో అటువంటి పట్టిక కట్టాడని ప్రతీతి, అది దొరకలేదు. దొరికినది టాలెమీది. క్రీ.శ. 150 ప్రాంతాన అలెగ్జాండ్రియాలో రాసిన ఆల్మజెస్టు అనే గ్రంథంలో, వ్యాసార్ధం 60 అనుకుని, అర డిగ్రీ నుంచి 180 డిగ్రీల దాకా అర డిగ్రీకొకటి చొప్పున ఆ గీతల పొడవులు ఇచ్చాడు.

ఆ గీతకు మన పాఠ్యపుస్తకాలలో పేరు ఏమిటో ఆ అమ్మాయిని అడిగాను. టక్కున చెప్పింది: "జ్యా." వంపుకు? "చాపం." తొమ్మిదవ తరగతిలో వృత్తాల పాఠంలో చదువుకున్నది. జ్యా అంటే అర్థం ఏమిటని ఎవరూ చెప్పలేదు. చాపం అంటే విల్లని తెలుగు పద్యాల వల్ల తెలుసునట గాని లెక్కల పుస్తకంలో చాపం కూడా ఆ చాపమే అని తోచలేదట. తెలుగు పీరియడుకూ లెక్కల పీరియడుకూ నడుమ గోడ ఎంత దళసరిగా కట్టామో చూడండి. జ్య అంటే అల్లెత్రాడు, వింటినారి. మౌర్వి, శింజిని, గుణము అన్నీ దాని పేర్లే. వృత్తంలో ఒక ముక్క కత్తిరిస్తే వంగిన అంచు వింటిబద్ద, తిన్నని అంచు నారి. నారి నడిమి నుంచి బద్ద నడిమికి గీసిన గీత శరం, అంటే బాణం. శరాన్ని కూడా మన గణకులు లెక్కలలో వాడారు. దానికి ఉత్క్రమజ్య అని మరొక పేరు. బడి పుస్తకాలలో ఇప్పుడు బాణం లేదు, విల్లు మాత్రం మిగిలింది.

ఇక్కడే మనవాళ్ళు చేసిన పని ఒకటి ఉన్నది. చూడడానికి చాలా చిన్నది. పూర్తి నారిని కాక, దానిలో సగాన్ని తీసుకున్నారు. గ్రీకు పట్టికతో పనిచేసే గణకుడు ప్రతిసారీ కోణాన్ని రెట్టించి, పట్టికలో జ్యను చూసి, మళ్ళీ దాన్ని సగం చేయవలసి వచ్చేది. కావలసింది ఎప్పుడూ సగమే అయినప్పుడు సగానికే పట్టిక కడితే సరిపోదా? దానికి అర్ధజ్య అని పేరు పెట్టారు. నిత్యం నలిగే మాటకు తోక కత్తిరించడం లోకస్వభావం. ఇక్కడ తలే కత్తిరించారు. అర్ధం పోయి జ్య మిగిలింది. నేటి సైను ఈ సగం నారియే. కర్ణమని పుస్తకం చెప్పేది ఆ వృత్తానికి వ్యాసార్ధం; ఎదుటి భుజమని చెప్పేది సగం అల్లెత్రాడు.

ఆర్యభటుడు ఈ సగం నారుల పట్టికను 499లో, తన 23వ ఏట రచించిన ఆర్యభటీయంలో ఇచ్చాడు. వృత్తం చుట్టుకొలత 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కలలు, వెరసి 21,600 కలలు. చుట్టుకొలతను కొలిచిన ఆ కలలతోనే వ్యాసార్ధాన్నీ కొలిస్తే 3438 వస్తుంది. ఒకటవ భాగం నుంచి తొంభై డిగ్రీల దాకా 24 మెట్లు వేశాడు. మెట్టుకు మూడుముప్పాతిక డిగ్రీలు. అయితే ఆయన జ్యలను చెప్పలేదు, ఒక జ్యకూ తరువాతి జ్యకూ ఉన్న తేడాలను చెప్పాడు. ఆ తేడాలు ఇవి: 225, 224, 222, 219, 215, 210, 205, 199, 191, 183, 174, 164, 154, 143, 131, 119, 106, 93, 79, 65, 51, 37, 22, 7.

ఇరవైనాలుగు అంకెలను ఒకే ఒక్క శ్లోకంలో ఇమిడ్చాడు. ఎట్లాగంటారా? కకారం నుంచి మకారం దాకా ఉన్న వర్గాక్షరాలకు వరుసగా 1 నుంచి 25 విలువలు, అచ్చులు స్థానాలు. అకారమైతే ఒకట్లు, ఇకారమైతే వందలు, ఉకారమైతే పదివేలు. మొదటి తేడాకు ఆయన పెట్టిన మాట "మఖి". మ అంటే 25, ఖ అంటే 2, దానికి ఇకారం తగిలింది కనుక 200, మొత్తం 225. అర్థం లేని అక్షరాల మూట, నోరు తిరగదు. కాని ఛందస్సులో కూర్చోబెట్టాడు కనుక లేఖకుడు ఒక అక్షరం జారవిడిస్తే యతిస్థానమో గణమో పట్టిస్తుంది. పాఠాన్ని కాపాడుకునే ఉపాయంగా పద్యాన్ని వాడినవారిని చూసినప్పుడల్లా నాకు మా వృత్తి మీద గౌరవం కాస్త పెరుగుతుంది.

ఈ తేడాలనే ఆ అమ్మాయి చేత ఒక కాగితం మీద నిలువుగా రాయించాను. మొదటి ఎనిమిదింటిని కూడమన్నాను. ఎనిమిది మెట్లంటే 30 డిగ్రీలు. 1719 వచ్చింది. దాన్ని రెట్టించమన్నాను. 3438. వ్యాసార్ధం! అనగా 30 డిగ్రీల సగం నారి, వ్యాసార్ధంలో సరిగ్గా సగం. ఆ తరువాతి ఎనిమిదింటిని కూడితే 1259 మాత్రమే వచ్చింది. చివరి ఎనిమిది 460. మొదటి ముప్పై డిగ్రీలలో 1719 ఎక్కినవాడు, రెండవ ముప్పైలో 1259, మూడవ ముప్పైలో 460 ఎక్కాడు. "కొండ పైకి పోయినకొద్దీ చదును అవుతోంది" అన్నది. మరి సైన్ 60, సైన్ 30కి రెట్టింపు ఎట్లా అవుతుంది? 1719, 1259 కలిపితే 2978. దాన్ని 3438తో భాగిస్తే 0.866. పట్టికలో వర్గమూలం మూడు బై రెండు అని బట్టీ పట్టమన్నది ఆ అంకెనే. ఆమె కాలిక్యులేటరుతో సరిచూసుకుని ఒక్క నిమిషం ఊరుకున్నది. తరువాత తన పాత లెక్క మీద ఎర్రసిరా ఎందుకు పడిందో నాకే వివరించింది.

30 డిగ్రీలకు సగమే ఎందుకు రావాలి అన్నది తరువాతి ప్రశ్న. డబ్బా మూత పెట్టి వృత్తం గీసి, వ్యాసార్ధమంత దూరంలో చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు పడతాయి. కాబట్టి 60 డిగ్రీల విల్లుకు నారి వ్యాసార్ధమంతే. అందులో సగం, సగం విల్లుకు. దీనికి నా పాండిత్యం ఏమీ అవసరపడలేదు, దీపావళి ముగ్గు వేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే.

ఒక చిన్న పక్కదారి. ఆర్యభటుడు అశ్మక జనపదంలో పుట్టాడని 15వ శతాబ్దపు కేరళ వ్యాఖ్యాత నీలకంఠ సోమయాజి రాశాడు. అశ్మకం గోదావరీ తీరదేశమని, దాని రాజధాని పోదనం నేటి నిజామాబాదు జిల్లా బోధన్ అని చెప్పే పరిశోధకులు పలువురున్నారు. వెంటనే "మనవాడే" అని భుజాలు చరచుకోవడం నాకు సమ్మతం కాదు. పని చేసినది కుసుమపురంలో; కాపాడి పెంచినది కేరళ గణకులు. ఆ కేరళలోనే 14వ శతాబ్దంలో పుట్టిన సంగమగ్రామ మాధవుడు ఈ జ్యలను అనంతశ్రేణి ద్వారా ఎన్నో రెట్ల సూక్ష్మతతో కట్టాడు. బోధన్ పిల్లలు ఆ పట్టికను ఒకసారి చేత్తో కూడితే, నాకు ఆ "మనవాడే" అన్న మాటకన్నా ఎక్కువ సంతోషం.

7వ శతాబ్దంలో మొదటి భాస్కరుడు పట్టికే అక్కరలేని దారి ఒకటి చూపాడు. కోణాన్ని 180 లోంచి తీసివేసి, వచ్చిన శేషంతో ఆ కోణాన్నే గుణించాలి. ఆ లబ్ధానికి నాలుగు రెట్లు పైన. 40,500 లోంచి ఆ లబ్ధం తీయగా మిగిలినది కింద. 30 డిగ్రీలకు లబ్ధం 4500. పైన 18,000, కింద 36,000. సగం! 45కు 0.7059 వస్తుంది, రావలసినది 0.7071. పరీక్షలో రాస్తే మార్కులు పడవు గాని, ఏడవ శతాబ్దపు మనిషి ఇంత దగ్గరకు ఎట్లా వచ్చాడా అన్న ఆశ్చర్యానికి మార్కులతో పనిలేదు.

ఇక జేబు సంగతి. జ్యకు జీవ అని మరొక రూపం ఉన్నది. దానికీ వింటినారి అనే అర్థం. 8వ శతాబ్దం మూడవ పాదంలో, ఖలీఫా అల్ మన్సూరు కాలంలో, భారతీయ సిద్ధాంత గ్రంథాలు బాగ్దాదు చేరి అరబ్బీలోకి దిగాయి. అరబ్బీలో జీవ కాస్తా జీబ అయింది. ఆ మాటకు అక్కడ అర్థం లేదు, పరభాషా శబ్దాన్ని ఉన్నదున్నట్టు పెట్టుకున్నారు. అయితే ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు. రాతలో మిగిలేది జ, య, బ అనే మూడక్షరాలే. చదివేవాడు తనకు తెలిసిన మాటగా చదువుకుంటాడు. వాళ్ళకు తెలిసిన మాట జైబ్: అంగీకి మెడ దగ్గర ఉండే తెరపు, ఎద దగ్గరి మడత. వింటినారి అంగీమడత అయి కూర్చున్నది.

12వ శతాబ్దంలో స్పెయినులో ఆ గ్రంథాలను లాటినులోకి తెచ్చినవారు జైబ్ అనే మాటకు సరిసమానంగా సైనస్ అని వేశారు. రోమనుల టోగాలో రొమ్ము మీద పడే మడతకు, సముద్రం లోపలికి చొచ్చుకువచ్చిన వంపుకు, లాటినులో అదే మాట. ఆ అనువాదం మొదట చేసినది క్రెమోనా వాడైన గెరార్డు అని కొందరు, చెస్టరు వాడైన రాబర్టు అని కొందరు అంటారు. ఎవరైనా సరే, "తెలియక తప్పుగా అనువదించాడు" అని పుస్తకాలలో తరచు కనబడే నిందకు నేను ఒప్పుకోను. అతని ముందున్నది జైబ్. జైబ్ అంటే మడత. అతడు మడత అని రాశాడు. అనువాదకుడు చేయవలసినది అంతే. నారి తెగినది బాగ్దాదులో, టొలెడోలో కాదు.

ఆ జైబే పారశీకం, ఉర్దూల మీదుగా మన ఇంటికీ వచ్చింది. ఎదమడతలో డబ్బు దాచుకోవడం వల్ల దాని అర్థం సంచి అయింది. తెలుగులో జేబు అయింది. అనగా మన పిల్లవాడు చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని బడికి పోయి, లెక్కల తరగతిలో సైన్ రాస్తున్నాడంటే, ఒకే మాటను రెండు దారుల్లో వచ్చినదాన్ని ఒకచోట మోస్తున్నాడన్నమాట. మా వెనక వాటా అమ్మాయి తల్లి కుట్టుమిషను మీద పనిచేస్తుంది. "మీ అమ్మ రోజూ కుట్టే సైన్లు ఎన్ని?" అంటే ఆమె నవ్వింది. నోటుపుస్తకం మీద ఎర్రసిరా చూసి వారం రోజులుగా నవ్వని పిల్ల.

టాన్‌ది మరొక పుట్టుక. అది విల్లు కాదు, నీడ. ఎండలో నిలువుగా పాతిన కర్రను శంకువు అంటారు. మన జ్యోతిషులు దానికి 12 అంగుళాల కొలత పెట్టుకున్నారు. దాని ఛాయను బట్టి పొద్దును, అక్షాంశాన్ని తెలుసుకునేవారు. 9వ శతాబ్దంలో అరబ్బీ గణకులు కోణానికొక నీడ చొప్పున పట్టికలు కట్టారు. వాళ్ళ భాషలోనూ దాని పేరు నీడే. "ఒక స్తంభం నీడ పొడవు ఇంత, సూర్యుని ఊర్ధ్వకోణం ఇంత, స్తంభం ఎత్తు ఎంత?" అని పదవ తరగతిలో నేటికీ అడుగుతున్నారు. పాఠం పేరు మారింది, కర్రా ఎండా మారలేదు. టాంజెంటు అన్న పేరు 1583లో థామస్ ఫింకె అనే డేనిష్ పండితుడు పెట్టాడు.

మరి వృత్తం ఎప్పుడు పోయింది? 1551లో. కోపర్నికస్ శిష్యుడు రెటికస్ లైప్‌జిగ్‌లో ముద్రించిన పట్టికలలో విల్లును, చాపాన్ని పక్కకు నెట్టి, లంబకోణ త్రిభుజపు భుజాలతోనే అన్నింటినీ నిర్వచించాడు. త్రికోణమితి అన్న పేరు కూడా ఆ తరువాతిదే. 1595లో పిటిస్కస్ తన గ్రంథానికి పెట్టుకున్న శీర్షిక నుంచి వచ్చింది. 1748లో ఆయిలర్ వ్యాసార్ధాన్ని ఒకటి చేసి, సైనును గీత పొడవుగా కాక కేవలం ఒక సంఖ్యగా నిలబెట్టాడు. 3438 బరువు దిగిపోయింది. నష్టమని అనను, ఆ తేలికదనం లేకపోతే కలనగణితం నడిచేది కాదు. కాని ఆయిలర్ ఎక్కి వచ్చిన నిచ్చెనను తీసివేసి, పిల్లను నేరుగా అటక మీదికి ఎగరమంటున్నాం. ఎగరలేకపోతే బుర్ర లేదంటున్నాం.

అంతమాత్రాన సైన్ తీసివేసి జ్య అని పుస్తకాలు దిద్దాలని వాదించేవారితో నాకు పొత్తు కుదరదు. ఆ పిల్ల రేపు ఎక్కడ చదివినా ఎదురయ్యేది సైనే. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చి మన భాషకు లెక్కలు నేర్పాడు. ఆయన భాగాహారాన్నీ క్షేత్రఫలాన్నీ తెలుగు చేశాడు గాని, మూలం జ్యోతిషం కాదు కనుక జ్యల పట్టిక అందులోకి రాలేదు. కాబట్టి ఈ మాటకు తెలుగులో పాత అలవాటు కూడా లేదు. తొమ్మిదవ తరగతి జ్యా, పదవ తరగతి సైన్ అక్కచెల్లెళ్ళని ఒక్క వాక్యం పాఠంలో చేరిస్తే చాలు.

చివరగా, మాటల చుట్టరికాలు వెతికే మిత్రులకు ఒక హెచ్చరిక. కొసైనును మనవాళ్ళు కోటిజ్య అన్నారు. కోటి అంటే వింటి కొన. ఇది వినగానే కొసైనులోని కొ మన కోటిదే అని చెప్పాలని నాలుక దురద పెడుతుంది. ఆ అమ్మాయి కూడా వెంటనే అదే అడిగింది. కాదు. 90 డిగ్రీలకు పూరకమైన కోణపు సైను అన్న లాటిను పదబంధాన్ని 1620లో ఎడ్మండ్ గంటరు అనే ఆంగ్లేయుడు కుదించగా వచ్చిన కొ అది. కోటికీ దానికీ ధ్వనిసామ్యం తప్ప బంధుత్వం లేదు.